ఒక సర్క్యులరు కాపాడిన నాటు వైద్యం
(అర్జెంటీనా పల్లెల పాత ముచ్చట, చివర మనవాళ్ళకు ఒక మనవి)



ఈసారి ప్రత్యేక సంచిక ఆరోగ్యం మీద తెస్తున్నామని, నన్ను కూడా ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు రెండుసార్లు ఫోను చేశారు. నేను వైద్యుణ్ణి కాను. తాలూకా ఆఫీసులోనూ, తరువాత మండలాఫీసులోనూ ముప్ఫై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నాకు తెలిసినదల్లా ఫైలు, దాని వెనక ఉండే మనిషి. కనుక వైద్యం గురించి కూడా ఒక ఫైలు దారిలోనే నడిచి చెబుతాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మా మనుమరాలు వృక్షశాస్త్రం చదువుతూ ప్రాజెక్టు పని కోసం దక్షిణ అమెరికా మూలికల మీద కొన్ని పుస్తకాలు, కాగితాలు తెచ్చుకుంది. రిటైరైన వాడికి కాలక్షేపం కావాలి గదా! ఆ కాగితాలు తిరగేస్తుంటే అర్జెంటీనా దేశంలో 1921లో వెలువడిన ఒక సర్క్యులరు సంగతి కంటబడింది. ఎక్కడి అర్జెంటీనా, ఎక్కడి ప్రకాశం జిల్లా! అయినా ఆ సర్క్యులరు చదివిన నాటినుంచి మా నాయనమ్మ రోజూ గుర్తుకు వస్తున్నది. ఎందుకన్నది చివర మనవి చేస్తాను.

క్రియోయోలంటే ఎవరు?

స్పెయిన్ దేశస్థులు 16వ శతాబ్దంలో దక్షిణ అమెరికాను ఆక్రమించుకున్నారు. అక్కడే పుట్టిన స్పానిష్ సంతానాన్ని మొదట్లో ‘క్రియోయో’లన్నారు. పోనుపోను అర్జెంటీనా పల్లెల్లో ఈ మాటకు అర్థం విస్తరించింది. స్పానిష్ రక్తమూ, స్థానిక ఆదివాసుల రక్తమూ కలిసి, పశువులు మేపుకుంటూ, మట్టిగోడల ఇళ్ళలో తరతరాలుగా బతుకుతున్న పల్లెవాసులందరినీ క్రియోయోలనే పిలిచారు. మనం బొమ్మల్లో చూసే ‘గౌచో’ అనే గుర్రపు పశువుల కాపరి ఈ జనంలోని వాడే. శాంతియాగో దెల్ ఎస్తేరో రాష్ట్రంలో కొందరు క్రియోయోలు ఇంట్లో మాట్లాడేది స్పానిష్ కాదు, ఆదివాసుల కిచువా భాష. దీన్నిబట్టి ఆ కలయిక ఎంత లోతుగా జరిగిందో గ్రహించవచ్చు.

వీరికి డాక్టరు దొరికేవాడు కాడు. బ్యూనస్ ఐరిస్‌లో వైద్యులను పరీక్షించి అనుమతించే అధికార సంస్థ 1780 ప్రాంతంలో గాని ఏర్పడలేదు. వైద్య పాఠశాల 1801లో తెరిచారు. ఆ వచ్చిన నలుగురు డాక్టర్లు కూడా పట్నం దాటేవారు కారు. పల్లెలో బిడ్డకు జ్వరమొస్తే గుర్రం మీద రెండు మూడు రోజుల ప్రయాణం. కనుక ఇంటి ముందు మొక్క, ఇంట్లో ముసలమ్మ, ఊళ్ళో ‘కురందేరా’ అనే నాటు వైద్యురాలు, వీరే దిక్కు.

మూడు వైపుల నుంచి వచ్చిన విద్య

క్రియోయోల మూలికా విద్య మూడు ఏరులు కలిసిన నది వంటిది. ఒకటి, స్పెయిన్ నుంచి ఓడలో వచ్చిన మొక్కలూ, నమ్మకాలూ. రెండు, కిచువా, గ్వారనీ, విచీ మొదలైన ఆదివాసుల చెట్టు జ్ఞానం. మూడు, జెసూట్ సన్యాసుల మఠాలు.

ఈ జెసూట్‌లు గ్వారనీ జనాన్ని చేర్చి ముప్ఫై ఊళ్ళు కట్టారు. వారిలో పేద్రో మోంతెనేగ్రో అనే బ్రదర్ వైద్యం తెలిసినవాడు. ఆయన 1710లో ఆ ప్రాంతపు మూలికలను బొమ్మలతో సహా వర్ణిస్తూ ఒక గ్రంథం రాశాడు. మొక్కల గ్వారనీ పేర్లు, ఏ రోగానికి ఏ భాగం వాడాలి, ఎంత వాడాలి అన్నీ అందులో ఉన్నాయి. అది చాలాకాలం అచ్చుకాకుండా చేతిరాత ప్రతులుగానే చేతులు మారింది. అగ్వారిబాయ్ అనే చెట్టు (మన మామిడి కుటుంబంలోదే) ఆకులు కాచి తీసిన లేపనం గాయాలకు ఎంత పేరు పొందిందంటే, దాన్ని మాడ్రిడ్‌లోని రాజుగారి మందుల కొట్టుకు పంపేవారు. 1767లో స్పెయిన్ రాజు జెసూట్‌లను వెళ్ళగొట్టాడు. సన్యాసులు పోయారు గాని, లేపనం కాచడం నేర్చిన గ్వారనీలూ, క్రియోయోలూ పోలేదు. విద్య వారి వంటింట్లో నిలిచింది.

ఇంకొక ముచ్చట. ప్రసిద్ధ శాస్త్రవేత్త హంబోల్ట్‌కు సహచరుడైన ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు బోన్‌ప్లాన్ 1817లో అర్జెంటీనా చేరాడు. సరిహద్దు దగ్గర మతే తేయాకు తోట వేయబోతే, పరాగ్వే నియంత ఫ్రాన్సియా 1821లో సైనికులను పంపి పట్టి తెప్పించాడు. తన దేశపు వ్యాపారానికి పోటీ వస్తాడని భయం! ఆ నిర్బంధంలో ఉన్న తొమ్మిదేళ్ళ చిల్లరా ఆయన చుట్టుపక్కల పల్లెవాసులకు వైద్యం చేస్తూ గడిపాడు. విడుదలయ్యాక కూడా ఐరోపా వెళ్ళలేదు. ఆ ప్రాంతంలోనే ఉండి 1858లో కొర్రియెంతెస్ రాష్ట్రంలో కన్నుమూశాడు. పండితుడు పల్లెకు నేర్పాడా, పల్లె పండితునికి నేర్పిందా అంటే, రెండూ జరిగి ఉంటాయని నా ఊహ.

వేడి, చలవ

మన ఇళ్ళలో బొప్పాయి తింటే వేడి చేస్తుందనీ, సబ్జా గింజలు చలవనీ చెప్పుకుంటాం. ఈ లెక్క మనకే సొంతమనుకునేవాణ్ణి. క్రియోయోల వైద్యానికి కూడా ఇదే మూలస్తంభమని చదివి ఆశ్చర్యపోయాను. వారికి ప్రతి రోగమూ వేడిదో, చలిదో. ప్రతి మొక్కా వేడి చేసేదో, చలవ చేసేదో. చలి వల్ల వచ్చిన కడుపు నొప్పికి వేడి చేసే మూలిక, ఎండదెబ్బ వల్ల వచ్చిన మూత్రపు మంటకు చలవ చేసే మూలిక ఇస్తారు. ఇక్కడ వేడి అంటే చేత్తో ముట్టుకుంటే తెలిసే వేడి కాదు, ఆ పదార్థం గుణం. మనకు విడమర్చి చెప్పనక్కర లేదు గాని, తెల్లవాళ్ళకు ఇది అర్థం కావడానికి పుస్తకాలు రాయవలసి వచ్చింది.

ఈ పోలికకు చారిత్రక కారణం ఉన్నది. గ్రీకు వైద్యులు హిప్పోక్రటీసు, గేలెన్ల సిద్ధాంతంలో శరీరానికి నాలుగు రసాలు, వాటికి వేడి, చల్లదనం, తడి, పొడి అనే గుణాలు. ఆ సిద్ధాంతాన్ని అరబ్బు హకీములు పెంచి పోషించారు. అక్కడినుంచి ఒక కొమ్మ స్పెయిన్ చేరి, స్పానిష్ వారితో అమెరికా వెళ్ళింది. ఇంకొక కొమ్మ పారశీకం మీదుగా మన దేశానికి వచ్చింది. అదే యునానీ. ఆ మాటకు అర్థమే గ్రీకు వైద్యమని. హైదరాబాదులో చార్మినారు పక్కన నిజామియా ఆస్పత్రిలో నాడి చూసిన హకీము గారూ, అర్జెంటీనా చాకో అడవుల్లో కషాయం కాచిన క్రియోయో అవ్వా ఒక తాత మనుమలే అన్నమాట. మన ఆయుర్వేదానికి వేరే మూలం ఉన్నది. అలాగే అమెరికా ఆదివాసులకు ముందునుంచే ఇటువంటి వేడి చలువల ఆలోచన ఉన్నదని కొందరు పండితుల వాదం. ఏమైనా, ఇన్ని దేశాల ముసలమ్మలు ఒకే భాష మాట్లాడారన్నది నిజం.

సొరబుర్ర, దానిలోని ఆకులు

క్రియోయోలకు మందుగిన్నె మతే బుర్ర. మతే అంటే ఒక చెట్టు ఆకుతో చేసే తేనీరు వంటి పానీయం. దాన్ని తాగే పాత్ర ఎండిన సొరకాయ బుర్ర. మన సొరకాయ జాతే. మా ఊళ్ళో సొరబుర్రలో విత్తనాలు దాచేవాళ్ళం, వాళ్ళు మతే పోసుకున్నారు. ఉదయం, సాయంత్రం ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని, ఒకే గొట్టంతో వంతులవారీగా పీలుస్తారు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఆ బుర్రలోనే ఒక రెమ్మ మూలిక పడేస్తారు. ఇటువంటి మూలికలన్నిటికీ ‘యుయో’ అని పేరు, ఇది కిచువా మాట.

కోర్దోబా కొండల్లో పెపెరీనా అనే పుదీనా వాసన మొక్క అరుగుదలకు. పాలేయో, సెద్రోన్ అనే సువాసన ఆకులు కడుపు ఉబ్బరానికి, మనసు నెమ్మదికి. సెద్రోన్ నిమ్మ వాసన వేస్తుంది. కర్కేహా అనే చేదు మూలిక కాలేయానికి, మన నేలవేము మాదిరి. మొక్కజొన్న కంకి పీచు కాచిన నీళ్ళు మూత్రం సాఫీకి. ఇది మన పల్లెల్లో కూడా ఉన్నదే. యంతేన్ అనే ఆకు పుళ్ళకూ, గొంతు నొప్పికీ. మనం సుఖవిరేచనానికి వేసుకునే ఇసబ్‌గోలుకు అది దగ్గరి చుట్టం. చన్యార్ చెట్టు పండ్లను పాకంగా కాచి దగ్గుకు నాకిస్తారు. మెండోసా వైపు హరీయా అనే పొద ఆకులు వేసి కాచిన నీళ్ళతో కీళ్ళనొప్పులకు స్నానం. తెల్ల కెబ్రాచో చెట్టు బెరడు జ్వరానికీ, ఆయాసానికీ. ఈ బెరడు 19వ శతాబ్దం చివర ఐరోపా డాక్టర్ల చేతికి కూడా వెళ్ళి, ఉబ్బసానికి మందయింది.

మర్సేలా అనే పసుపు పూల మొక్క కడుపు నొప్పికి వాడతారు. ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్ పల్లెల్లో దీన్ని గుడ్ ఫ్రైడే నాడు సూర్యుడు ఉదయించకముందే కోయాలని ఆచారం. మనం కొన్ని మూలికలు ఆదివారం పుష్యమీ నక్షత్రం నాడు కోయాలంటాం కదా, అటువంటిదే.

నాకు ఎక్కువ సంతోషం కలిగించింది మాత్రం ‘రూదా’. అది మరేదో కాదు, మన సదాపాకు. పసిబిడ్డల తల్లి ఉన్న ఇంట్లో సదాప మొక్క ఉండని పెరడు మా ఊళ్ళో లేదు. ఆ మొక్క పుట్టిల్లు మధ్యధరా సముద్రతీరం. అటు అమెరికాకూ వెళ్ళింది, ఇటు మనకూ వచ్చింది. అక్కడ దాన్ని దిష్టి తగలకుండా గుమ్మం దగ్గర పెంచుతారు. ఈశాన్య అర్జెంటీనాలోనూ, పరాగ్వేలోనూ ఆగస్టు 1వ తేదీ పరగడుపున, చెరకు సారాలో నానవేసిన సదాపాకును గుక్కెడు తాగుతారు. వాళ్ళకు ఆగస్టు చలికాలం చివర. ముసలివాళ్ళను, జబ్బుమనుషులను తీసుకుపోయే నెలగా దానికి పేరు. ఋతువు మారే వేళ పరగడుపున ఉగాది పచ్చడి తినే మనకు ఆ ఆచారంలోని తాత్పర్యం బోధపడుతుంది. సారా సంగతి వేరు లెండి!

ఇంకొక చెట్టున్నది, అరువేరా అంటారు. దాని కిందకు వెళితే ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. కనుక ఉరుగ్వే పల్లెవాడు దానికి దణ్ణం పెట్టి, పగలైతే ‘శుభరాత్రి’ అనీ, రాత్రయితే ‘శుభోదయం’ అనీ తిరగేసి పలకరిస్తాడు. అప్పుడు అది ఏమీ చేయదట. వినడానికి నవ్వొస్తుంది. కాని ఆ చెట్టు మన చాకళ్ళు బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి కుటుంబంలోది. నల్లజీడి పాలు తగిలితే ఒళ్ళు ఎలా పొంగుతుందో మనకు తెలుసు. నమ్మకం పైన పొట్టు, లోపల గింజ అనుభవం.

అక్కడి రోగాలు, వాటి పేర్లు

క్రియోయోల రోగాల జాబితా చదివితే మన పల్లె జాబితా చదివినట్లే ఉంటుంది. పిల్లవాడికి తిన్నది అరగక కడుపు రాయి అయితే ‘ఎంపాచో’. దానికి నాటు వైద్యురాలు రిబ్బను ముక్కతో మోచేతి కొలత కొలుస్తుంది, లేదా నడుము మీది చర్మాన్ని పట్టి లాగుతుంది. లోపలికి పైకో ఆకు కషాయం ఇస్తుంది. ఇక ‘కన్ను తగలడం’, అచ్చంగా దిష్టి. పసివాళ్ళకు ఎర్ర రిబ్బను కడతారు. పళ్ళెంలో నీళ్ళు పోసి నూనె చుక్కలు వేసి దిష్టి ఉన్నదీ లేనిదీ చూస్తారు. ‘సుస్తో’ అంటే జడుపు. జడుసుకున్న బిడ్డ ఆత్మ జడిసిన చోటే ఉండిపోతుందని, ఆ బిడ్డ చొక్కా పట్టుకుని పేరు పెట్టి పిలుస్తారు. ‘అయిరే’ అంటే గాలి సోకడం, మూతి వంకరపోవడం వంటివి.

ఈ మంత్రపు మాటలు అందరికీ చెప్పరు. క్రిస్మస్ ముందటి రాత్రి మాత్రమే ఒకరినుంచి ఒకరికి ఉపదేశం. మిగతా రోజుల్లో చెబితే శక్తి పోతుందని నమ్మకం. ఆ విధంగా ఎన్నో మాటలు చెప్పినవారితోనే మట్టిలో కలిశాయి.

ఒక చేత్తో రాయించారు, ఒక చేత్తో శిక్షించారు

నాటు వైద్యానికి మంచి పేరుతో పాటు చెడ్డ పేరూ ఉన్నది. హోసే ఎర్నాందెస్ 1872, 1879 సంవత్సరాల్లో రెండు భాగాలుగా వెలువరించిన ‘మార్తిన్ ఫియెర్రో’ అనే గౌచో కావ్యం ఆ దేశానికి జాతీయ కావ్యం వంటిది. అందులో ఒక ముసలివాని చంకలో గడ్డ లేస్తే, నాటు వైద్యురాలు వచ్చి రోగం పేరు బదులు గుడిలోని వస్తువు పేరు చెబుతుంది. కవి ఎగతాళి చేశాడు గాని, రోగి పక్కన ఆమె తప్ప మరో వైద్యుడు లేడని కూడా చెప్పకనే చెప్పాడు.

అదే 1872 జనవరి 1న తాందిల్ అనే ఊళ్ళో ఘోరం జరిగింది. ‘దేవుడయ్య’ అని జనం పిలుచుకునే సొలానే అనే నాటు వైద్యుని అనుచరులు విదేశీయుల మీద పడి 36 మందిని చంపారు. వైద్యుణ్ణి అరెస్టు చేశారు. విచారణ జరగకముందే కొద్దిరోజులకు జైలు గదిలోనే ఆయనను ఎవరో చంపేశారు. ఆయన చంపమన్నాడా, లేక ఆయన పేరును ఇతరులు వాడుకున్నారా అన్నది చరిత్రకారులు నేటికీ తర్కిస్తున్నారు. ఆకు పట్టుకున్న చేతికి జనం మీద ఇంత పట్టు ఉండడం ప్రభుత్వానికి భయం పుట్టించింది.

ఇప్పుడు మన సర్క్యులరు సంగతి. 1914 జనాభా లెక్కల్లో అర్జెంటీనాలో నూటికి ముప్ఫై మంది విదేశాల్లో పుట్టినవారని తేలింది. ఇటలీ నుంచీ, స్పెయిన్ నుంచీ ఓడల మీద జనం వచ్చి పడుతున్నారు. పాత క్రియోయో సంప్రదాయం కొట్టుకుపోతుందన్న దిగులు పెద్దలకు పట్టుకుంది. జాతీయ విద్యామండలి సభ్యుడు హువాన్ రామోస్ 1921లో ఒక ప్రతిపాదన పెట్టాడు. రాష్ట్రాల్లో జాతీయ ప్రభుత్వం 1905 నాటి చట్టం కింద నడిపే పల్లె బడులున్నాయి. వాటిలోని ప్రతి ఉపాధ్యాయుడూ తన ఊరి కథలు, పాటలు, సామెతలు, నమ్మకాలు, జబ్బులకు చేసుకునే మందులు సేకరించి పంపాలి. మండలి ఆమోదించింది. సూచనల పుస్తకం అచ్చువేసి బడులకు పంపారు. చెప్పినవారి పేరు, వయసు రాయాలి. కొత్తగా వలస వచ్చినవారు తెచ్చినవి కలపకూడదు.

ఆ మేష్టర్లు ఏం చేశారనుకున్నారు? జీతం పెరగదు, ప్రమోషను రాదు. అయినా దేశం నలుమూలల నుంచీ దస్తాలకు దస్తాలు రాసి పంపారు. కొందరు మెచ్చుకుంటూ రాశారు, కొందరు ‘ఇది మూఢనమ్మకం’ అని ముక్కు విరుస్తూ రాశారు. ఎవరు ఎలా రాసినా, ఎనభై ఏళ్ళ పల్లెటూరి అవ్వ చెప్పిన పైకో కషాయం ప్రభుత్వ రికార్డుకెక్కింది. తరువాత విశ్వవిద్యాలయం వారు ఆ కట్టలకు జాబితాలు అచ్చువేశారు. నేడు అవి బ్యూనస్ ఐరిస్‌లోని జాతీయ మానవశాస్త్ర సంస్థలో భద్రంగా ఉన్నాయి. నేటి పరిశోధకులు క్రియోయో వైద్యం గురించి రాయాలంటే ఆ దస్త్రాలు తిరగేయవలసిందే.

విచిత్రమేమంటే, అదే 1921లో ఆ దేశం కొత్త శిక్షాస్మృతి చేసుకుంది. దాని 208వ నిబంధన ప్రకారం, అర్హత పత్రం లేకుండా వైద్యం చేయడం అలవాటుగా పెట్టుకున్నవారికి పదిహేను రోజుల నుంచి ఏడాది వరకు జైలు. ఉచితంగా చేసినా నేరమే! అంటే, విద్యాశాఖ గుమాస్తా ‘అవ్వా, నీ మందు చెప్పు, రాసుకుంటాను’ అన్న ఏడాదే, న్యాయశాఖ గుమాస్తా ‘అవ్వా, నీ మందు ఇస్తే జైలు’ అన్నాడు. రెండు శాఖల మధ్య ఫైలు తిరగకపోతే ఏమవుతుందో మనలో తెలియనివారెవరు? అయితే ఆలోచిస్తే రెండూ అవసరమే అనిపించింది. ఎందుకో చెబుతాను.

ఆకు చేయలేనిది

ఉత్తర అర్జెంటీనాలో చలిజ్వరాన్ని ‘చూచో’ అనేవారు. ఏ బెరడు కాచి తాగినా అది తిరగబెడుతూనే ఉండేది. 1907లో మలేరియా చట్టం చేసి క్వినైన్ పంచారు. క్వినైన్ కూడా ఆండీస్ కొండల సింకోనా బెరడు నుంచి వచ్చినదే. ఆ చెట్టునే 1860లలో ఇంగ్లీషువారు మన నీలగిరుల్లో నాటించారు. మలేరియా క్రిమిని దోమలో కనిపెట్టింది మన సికింద్రాబాదులో, రొనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20న. ఆ ఎరుకతోనే 1940ల చివర అర్జెంటీనాలో ఇళ్ళకు డి.డి.టి. కొట్టారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశాన్ని మలేరియా లేని దేశంగా ప్రకటించింది. ఇది ఆకుతో అయ్యే పని కాదు.

అట్లాగే మట్టిగోడల పగుళ్ళలో దాగి రాత్రి కుట్టే వించూకా అనే నల్లివంటి పురుగు. దానివల్ల వచ్చే చాగాస్ జబ్బు ఏళ్ళ తరబడి గుండెను తినేస్తుంది. 1909లో బ్రెజిల్‌లో దాన్ని కనుగొన్నారు. 1930లలో సాల్వదోర్ మాస్సా అనే డాక్టరు ఉత్తరాన హుహుయ్‌లో మకాం పెట్టి, పల్లెపల్లె తిరిగి ఆ జబ్బు ఎంతమంది క్రియోయోలలో ఉన్నదో లోకానికి చూపాడు. అప్పటిదాకా ఆ మరణాలకు పేరే లేదు. వందల మూలికలు తెలిసిన అవ్వలకు తమ గోడలోని శత్రువు తెలియలేదు.

పాముకాటుకు కూడా వారి దగ్గర ఆకులుండేవి. 1916లో బ్యూనస్ ఐరిస్‌లో ప్రారంభమైన బాక్టీరియాలజీ సంస్థలో పాము విషానికి సీరం తయారుచేశారు. అక్కడ ఆ విషాల మీద పనిచేసిన బెర్నార్దో ఉస్సాయ్ తరువాత 1947లో, వేరే పరిశోధనకు, నోబెల్ బహుమతి పొందాడు.

పాము మాట వచ్చింది కనుక నా సంగతి చెప్పాలి. నాకు పదకొండేళ్ళప్పుడు, మా చిన్నాన్న కొడుకును సజ్జచేలో పాము కరిచింది. నాకంటే రెండేళ్ళు చిన్న. పక్క ఊళ్ళో పసరు పోసే ఆయన ఉన్నాడని అక్కడికి తీసుకుపోయారు. ఆయన డబ్బు ముట్టడు, మంచివాడే. ఆకు నూరి పసరు పోశాడు, తలకు రాశాడు, నిద్రపోనివ్వొద్దన్నాడు. సాయంత్రానికి పిల్లవాడి కళ్ళు వాలిపోయాయి. అప్పుడు బండి కట్టారు. టౌను ఆస్పత్రికి చేరేసరికి ఏమీ మిగలలేదు.

మా నాయనమ్మ ఊరందరికీ మందులిచ్చేది. వాము, శొంఠి, సదాపాకు, ఉత్తరేణి, తుమ్మి, నేల ఉసిరి, అన్నీ ఆమె కొంగుముడిలోనే. ఆ రోజు నుంచి ఎవరైనా పాము కరిచిందని వస్తే, ‘పాముకు నా దగ్గర ఆకు లేదు నాయనా, ఉన్నదన్నవాడి దగ్గరికీ పోవద్దు. ముందు బండి కట్టండి’ అనేది. తన విద్య ఎక్కడిదాకా పోతుందో తెలిసిన మనిషి ఆమె. నిజమైన వైద్యం అదే అని నాకు ఇప్పుడు తోస్తున్నది.

మూలికలో మందు ఉంటే విషమూ ఉంటుంది. పైకోనే తీసుకోండి. దాని నూనెను 20వ శతాబ్దం మొదట్లో అనేక దేశాల్లో కొంకి పురుగులకు ఆస్పత్రి మందుగా వాడారు. మోతాదు కాస్త ఎక్కువై ప్రాణాలు పోయిన సందర్భాలున్నందున, మేలైన మందులు రాగానే దాన్ని వదిలేశారు. అవ్వ రెండు ఆకులు వేసి కాచిన కషాయానికీ, సీసాలోని నూనెకూ అంత తేడా.

మిగిలినవి

20వ శతాబ్దంలో క్రియోయో పల్లెలు ఖాళీ అయ్యాయి. కుర్రవాళ్ళు బ్యూనస్ ఐరిస్‌కు, ఫ్యాక్టరీలకు వెళ్ళారు. కోర్దోబా కొండల్లో పెపెరీనాకు సంతలో గిరాకీ పెరిగి, రెమ్మ తుంచవలసిన చోట వేరుతో సహా పీకి అమ్మారు. ఒకప్పుడు గుమ్మం ముందే దొరికిన మొక్క కోసం ఇప్పుడు కొండెక్కవలసి వస్తున్నది.

కొన్ని మొక్కలు మాత్రం లోకమంతా తిరిగాయి. పరాగ్వేలో గ్వారనీలు, పల్లెవాసులు మతేను తీయగా చేసుకోవడానికి ఒక ఆకు వేసుకునేవారు. దాన్ని మొయ్‌సేస్ బెర్తోని అనే శాస్త్రవేత్త 1899లో వర్ణించాడు. ఆ ఆకే స్టీవియా. మనలో షుగరు ఉన్నవారు కాఫీలో వేసుకునే కొన్ని రకాల బిళ్ళల్లో ఉండేది అదే. జాబొరాందీ అనే మొక్క ఆకునుంచి 1875లో తీసిన పైలోకార్పిన్ చుక్కలను మన పెద్దవాళ్ళు నీటికాసులకు కంట్లో వేసుకున్నారు. 2020లో యునెస్కో వారు పరాగ్వే మూలికలతో చేసే చల్లని మతే సంప్రదాయాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించారు. అవ్వల ఆకుకు అంతర్జాతీయ ప్రొసీడింగ్స్ వచ్చినట్లే.

చివరగా ఒక మనవి

మా నాయనమ్మ 1969లో పోయింది. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. చదవడం వచ్చు, రాయడం వచ్చు, చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పేరు కూడా. తరువాత ముప్ఫై ఆరేళ్ళు ఎవరెవరి పొలం సర్వే నంబర్లో, ఎవరెవరి శిస్తు బకాయిలో అడంగల్లోకి ఎక్కించాను. ఒక్క అంకె తప్పు పోనివ్వలేదు. కాని మా నాయనమ్మ కొంగుముడిలో ఏమున్నదో ఒక్క కాగితం మీద రాసిపెట్టలేదు. బిడ్డకు కడుపు నొప్పి వస్తే సదాపాకుతో పాటు ఇంకేదో రెండు కలిపేది. ఆ రెండూ ఏమిటో మా ఇంట్లో ఇప్పుడు చెప్పగల మనిషి లేడు. మా మనుమరాలు అడిగితే ‘తెలియదమ్మా’ అన్నాను. సర్వీసులో ఎప్పుడూ అంత సిగ్గుపడలేదు.

అర్జెంటీనా మేష్టర్లకు సర్క్యులరు వచ్చింది. మనకు రాలేదు. వచ్చేదాకా ఆగవలసిన వయసు కూడా కాదు మనది. కనుక నా ప్రార్థన ఏమిటంటే, మన సంఘ సభ్యులూ, కుటుంబ పింఛనుదారులైన సోదరీమణులూ ఒక్కొక్కరూ ఒక్కొక్క కాగితం రాయండి. ఊరు పేరు, మీకు చెప్పినవారి పేరు, అప్పటి వారి వయసు, మొక్క పేరు మీ ఊళ్ళో ఏమంటారో అది, ఏ జబ్బుకు, ఎలా, ఎంత. పని చేసిందా లేదా కూడా దాపరికం లేకుండా రాయండి. ముక్కు విరుస్తూ రాసినా ఫరవాలేదు. వాటిని కట్టగా కట్టి, జాబితా వేసి, ఫైలు చేసే పని నాది. ఆ పని ఒక్కటే నాకు బాగా వచ్చు.

రాయమన్నాను గాని వాడమనలేదు. బి.పి. బిళ్ళ, షుగరు బిళ్ళ డాక్టరుగారు చెప్పినట్లు వేసుకుంటూనే రాయండి. పాము కరిస్తే మాత్రం, మా నాయనమ్మ చెప్పినట్లు, ముందు బండి కట్టండి.

ఇట్లు,
విధేయుడు,
ఒక విశ్రాంత గుమాస్తా